పరుసవేది వెల

పరుసవేది సోకినంతనే యినుము బంగారమగును. పసరు పూసికొన్న పాదములు నిమిషములో హిమాలయమును చేరును. గుళిక మ్రింగినవానికి ముదిమి తొలగును. చిన్ననాడు ఇట్టి కథలు వినునపుడు, ఆ వస్తువులు మనకును దొరకినచో నెంత బాగుండునని తలపనివారుండరు. పెద్దవారమైన పిమ్మట ఆ కథలనే మరల చదివినచో వేరొక విషయము కానవచ్చును. వానిలో ఏ సిద్ధియు ఊరక లభించినది కాదు. ప్రతిదానికిని ఒక వెల కలదు. ఆ వెలను చెల్లించినవారెవరు అనునదియే కథకు జీవము.

రసవాదమునకు మన దేశమున శాస్త్రమే కలదు. పాదరసమునకు స్వేదనము, మర్దనము, మూర్ఛనము మొదలుగా పదునెనిమిది సంస్కారములను రసగ్రంథములు విధించినవి. సిద్ధమైన రసమును మొదట లోహముపై పరీక్షించి, పిదపనే దేహమున ప్రయోగింపవలెనని నియమము. ఇవన్నియు రసమును ఎట్లు సాధింపవలెనో తెలుపును. సాధించిన పిమ్మట దానివలన ఎవరికేమి కలుగునో చెప్పు భారమును కథకులు వహించిరి.

పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని కథ తెలుగువారికి పరిచితమే. సిద్ధుడిచ్చిన పాదలేపముతో అతడు హిమవంతమును చేరెను. వేళకు ఇల్లు చేరి నిత్యకర్మలు నెరవేర్చుకొనవచ్చునని యతని నమ్మకము. మంచునీటికి లేపము కరగిపోయెను. పోవుటకు సాధనము దొరకినది గాని, అది ఎంతవరకు నిలుచునో యతడు అడుగలేదు. తుదకు అగ్నిదేవుని వేడి ప్రవరుడు ఇల్లు చేరెను. దారి అడిగినవానిని వలచిన వరూధినికి మాత్రము దుఃఖమే మిగిలెను.

పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములోని నాగార్జునుని కథ యింతకన్న గంభీరమైనది. నాగార్జునుడు చిరాయువను రాజునకు మంత్రి, దయాళువు, రసాయనసిద్ధుడు. తన బిడ్డ మరణింపగా, ఇక లోకమున నెవ్వరును చావరాదని అమృతము చేయబూనెను. ఇంద్రుడు అశ్వినీదేవతలను పంపి వారింపగా మానుకొనెను. కాని రసాయనబలముచే తానును రాజును దీర్ఘాయువులైయుండిరి. రాజు జీవించుచునే యుండెను. యువరాజులు ఒకరి వెనుక నొకరు సింహాసన మెక్కకయే కడతేరుచుండిరి. జీవహరుడను కుమారుడు యువరాజైన దినమున తల్లి సంతసింపక విలపించెను. భోజనవేళ మంత్రి యాచకులకు ఏమడిగినను ఇచ్చును గనుక, అతని శిరస్సునే అడుగుమని కుమారునకు బోధించెను. అతడడిగెను, నాగార్జునుడు మెడ వంచెను. రసాయనముచే దృఢమైన యా మెడపై ఖడ్గములు విరిగిపోయెను. అప్పుడు మంత్రియే ఒక చూర్ణమును ఖడ్గమునకు పూసెను, శిరస్సు తెగెను.

జీవహరుని దుర్మార్గుడని త్రోసివేయుట సులభము. కాని తండ్రి ఆయువు పెరిగినకొలది కొడుకుల బ్రదుకు ఎదురుచూచుటలోనే గడచిపోయినదను మాటయు నిజమే. దయతో ఆరంభించిన పనియైనను, ఆ లెక్కను మంత్రి ముందుగా వేయలేదు. తుదకు తన తలతో తీర్చెను.

ఇక మూడవది మన కొండవీటి ఐతిహ్యము. చరిత్రకారులు దీనిని చరిత్రగా గ్రహింపరు. అయినను జనులు మరువలేదు. వేమన్నయను వర్తకుడు శ్రీశైలయాత్రలో పరుసవేది రసమును సంపాదించి, తిరుగుదారిలో దొంతి అల్లారెడ్డియను గృహస్థుని యింట బస చేసెనట. ఆ రసము సోకి యినుము బంగారమగుటను గృహస్థుడు చూచెను. రసమును రహస్యముగా దాచి, ఇంటికి నిప్పంటించెను. తన సొత్తు లోపలనే యున్నదని తలచి వర్తకుడు మంటలలో దుమికి మరణించెను. తరువాత ఆ యింట బిడ్డలు నిలువలేదు. మృతుని పేరును తన సంతతి వారికి పెట్టెదనని మ్రొక్కుకొన్న పిమ్మటనే వంశము నిలిచినదట. ప్రోలయ వేమారెడ్డి, అనవేమారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, రాచవేమారెడ్డి అను పేర్లకు ఐతిహ్యము చెప్పు కారణమిది.

ఇందు రసమున దోషమేమియు లేదు. యజమాని చేతనున్నను, దొంగ చేతనున్నను అది యినుమును బంగారముగనే మార్చును. న్యాయాన్యాయములను విచారించు శక్తి దానికి లేదు. ఆ విచారము దానిని పట్టిన చేతిదే. ఇంటికి వచ్చిన అతిథి ప్రాణము ఇచట వెల యైనది. ఆ యప్పు బంగారముతో తీరలేదు. ఉయ్యాలలోని బిడ్డను పిలిచినప్పుడెల్ల చనిపోయినవాని పేరే పలుకవలసివచ్చెను.

ఇట్టి వెల కథలకే పరిమితము కాదు. జపానులోని మినమాట తీరమున ఒక రసాయన కర్మాగారము పాదరసముతో గూడిన వ్యర్థజలమును సముద్రములోనికి విడిచినది. అందువలని వ్యాధి 1956వ సంవత్సరమున బయటపడినది. కర్మాగారపు లాభములో భాగము లేని బెస్త కుటుంబములు, ఆ చేపలు తినిన పాపమునకు, అవయవములు స్వాధీనము తప్పి బాధపడెను. తల్లి గర్భములోని శిశువులకు సైతము ఆ విషము సోకినది.

శ్రీశైలపు అడవులలో పరుసవేదికై వెదకుట మనకిపుడు పనిలేదు. కాని క్రొత్త శక్తి యేదైనను మన చేతికి వచ్చినపుడు, ఆ వర్తకుని తలచుకొనుట మంచిది. దీనివలన నాకేమి వచ్చును అని అడుగువారు ఎప్పుడును ఉందురు. దీని వెల ఎవరి యింట పడును అని అడుగువాడు కూడ సభలో ఒక్కడుండవలెను. అతని ప్రశ్నకు సమాధానము దొరకువరకు నిప్పు ముట్టింపకుండుటయే రసవాదమునకు మొదటి నియమము.