చెట్టు విత్తనముల మేలుకీళ్లు: నరుకుడును, ఋతువుల తారుమారును

(ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల రైతులకొఱకు చదువబడిన ఉపన్యాసము)



వరి విత్తనమును గూర్చి మీకు ఒకరు చెప్పవలసిన పని లేదు. గింజ గట్టిదో తాలో చేటలో పోసి చెఱిగిన మాత్రముననే మీరు చెప్పగలరు. ఉప్పునీట వేసి తేలినదానిని తీసివేయుట మీ యిండ్ల పిల్లలకును దెలియును. కాని చెట్టు విత్తనము విషయమున ఇంత జాగ్రత్త కానరాదు. గట్టున టేకు పెట్టదలచిన రైతు బాట ప్రక్కనున్న చెట్టు క్రింద రాలిన కాయలను సంచి నిండ ఏఱుకొని వచ్చును. లేదా చవుకగా దొరకిన మొక్కలను గొని తెచ్చును. వరి విత్తనము చెడినచో ఒక పంట పోవును, మరుసటి యేడు దిద్దుకొనవచ్చును. టేకు విత్తనము చెడినచో ఆ సంగతి పదునైదేండ్లకు గాని బయటపడదు. అప్పటికి నాటినవాని వయసు మళ్లును. కొమరుని పెండ్లికో కొమార్తె చదువుకో అక్కఱకు వచ్చునని పెంచిన చెట్టు వంట కట్టెలకు దక్క పనికిరాకుండ నిలుచును.

నేను రెవిన్యూ కచ్చేరిలో తర్జుమా పని చేయువాడను గాని వృక్షశాస్త్రజ్ఞుడను గాను. శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులను మన మాటలలో మీ యెదుట నుంచుటయే నేను చేయు పని.

1. మన సీమ స్థితి

మన సీమ మూడు మెట్లుగా నున్నది. ఉత్తరమున బుట్టాయగూడెము, పోలవరము వైపున కొండలును, వాని వెనుక పాపికొండలును గలవు. అచ్చట టేకు, నల్లమద్ది, వేగిస, బండారు, వెదురు సహజముగా పెరుగును. నడుమ తాడేపల్లిగూడెము, జంగారెడ్డిగూడెముల మెట్టనేలలలో మామిడి, జీడిమామిడి, జామాయిలు, ఆయిలుపామ్ తోటలు కలవు. క్రింద కాలువ పల్లపు భూములును, కొల్లేరును ఉన్నవి. అచ్చటి గట్లమీద కొబ్బరి, తాడి, తుమ్మ కనుపించును. ఈ మూడును వేర్వేఱు లోకములు కావు. తమ్మిలేరు మెట్టనుండి దిగి ఏలూరు ప్రక్కగా బోయి కొల్లేట గలియుచున్నది. మీద కొండ బోడియైనచో మన్ను కొట్టుకొనివచ్చి క్రింద సరస్సు మేట వేయును. అట్లే మీద మంచి చెట్టు పోయినచో దాని విత్తనమును క్రింది రైతునకు దొరకకుండ బోవును.

2. విత్తనము పుట్టు విధము

టేకు వానకాలమున పూచును. చిటారు కొమ్మల చివరల తెల్లని చిన్నపూవులు వేలకొలది గుత్తులుగా వచ్చును. వీనియందలి పుప్పొడిని తేనెటీగలు మున్నగు పురుగులు ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు జేర్పవలెను. టేకు తన పుప్పొడిని తాను చాలవఱకు అంగీకరింపదు. పొరుగు చెట్టు పుప్పొడియే దానికి కావలెను. అందుచేత వంద పూవులలో కాయగా నిలుచునవి కొన్ని మాత్రమే. ఆ కాయలోపల నాలుగు గదులుండును. నాలుగింటను గింజ యుండుట అరుదు. ఒకటి రెండింట నుండుట సాధారణము. ఏ గదియందును గింజ లేని కాయలును పెక్కులు. వెలుపలినుండి చూచినచో అన్నియు నొకే తీరున గుండ్రముగా నుండును. కావున సంచి బరువును జూచి విత్తనము మంచిదని యెంచుట పొరపాటు.

3. నరుకుడు వలన గలుగు చెఱుపు

మొదటి చెఱుపు ఇది. కలప వర్తకుడు తోపులోనికి వచ్చి నిలువుగా, లావుగా, కణుపు లేక పెరిగిన చెట్టునే గుఱుతు పెట్టును. వంకరదానిని, తొఱ్ఱదానిని, పొట్టిదానిని విడిచిపోవును. మరుసటి యేటినుండి ఆ తోపున విత్తనమిచ్చునవి ఆ విడిచిన చెట్లే. ఆంబోతులలో మేలైన వానినెల్ల సంతలో నమ్మి, కుంటిదానిని మందలో నుంచుకొన్న రైతునకు ఎట్టి దూడలు పుట్టునో మీరెఱుగుదురు. చెట్లయందును అంతే. రెండు మూడు తరములు ఇట్లు జరిగినచో ఆ తోపు జాతియే దిగజారును.

రెండవది యొంటరితనము. చుట్టునున్న చెట్లన్నియు కొట్టబడి చేని నడుమ ఒక్క టేకు మిగిలిన దనుకొనుడు. దానికి వెలుతురు చాల దొరకును గనుక విరివిగా పూచును, విరివిగా కాచును. చూచువారికి ఇదియే మంచి విత్తనపు చెట్టని తోచును. కాని పొరుగు పుప్పొడి చేరదు. కాయలు పెక్కు బోలుగా నుండును. మొలచిన కొలదివియు ఒకే చెట్టు సంతానమగుటచే బలహీనముగా పెరుగును. జామాయిలు విషయమున ఇట్టి చిక్కు వేఱొకటి కలదు. 1990ల దశకమున భద్రాచలము దాపున సారపాక కాగితపు కర్మాగారమువారు మేలైన చెట్ల కొమ్మలనుండి మొక్కలు చేయించి పంచిరి. ఆ తోటలు మన మెట్టలోనికిని వ్యాపించినవి. ఒక తోటయం దన్నియు ఒకే తల్లికొమ్మనుండి వచ్చినవి కనుక వాని పుప్పొడి యంతయు ఒక్కటియే. తల్లితోట చక్కగా నున్నది గదా యని దాని గింజను తీసి నారు పోసినచో పిల్లతోట యట్లుండదు.

మూడవది, కొట్టిన చెట్టునుండి కాయ కోయుట. కూపులో పడగొట్టిన చెట్టుమీద కాయలున్నవి గదా, శ్రమ తప్పునని కూలివాండ్రు కోసి అమ్ముదురు. ఆ కాయ పండినదైన మేలే. కాని పచ్చికాయయైనచో లోపలి బీజము ముదిరి యుండదు. ఎండబెట్టగానే ముడుచుకొని పోవును.

నాలుగవది అన్నిటికంటె గుఱుతు పెట్టుకొనదగినది. టేకు పూగుత్తి చెట్టు కొనయందే పుట్టును. పూచినతోడనే ఆ కొన యెదుగుట మాని, ప్రక్కలనుండి రెండు కొమ్మలుగా చీలును. చిన్నతనముననే పూచిన చెట్టు పొట్టి బోదెయై చీలును; ఆలస్యముగా పూచిన చెట్టు పొడవైన చక్కని దూలమునిచ్చును. అయితే చేతికందు కొమ్మలతో త్వరగా, విరివిగా కాయలిచ్చునది ఆ మొదటి జాతియే! సులువుగా దొరకు విత్తనమును ఏఱుకొనువాడు తెలియకయే పొట్టిబోదె జాతిని ఏఱుకొనుచున్నాడు.

4. ఋతువుల తారుమారు

మన దేశపు సగటు వేడిమి 1901 మొదలు 2018 వఱకు సుమారు 0.7 డిగ్రీలు హెచ్చినదని ప్రభుత్వ వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్క తేల్చియున్నారు. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని చెట్టునకు సగటుతో పని లేదు. పూత దినములలో ఏమి జరిగినదో అదియే దానికి ముఖ్యము. పూతకాలమున ఎడతెగని జడివాన పట్టినచో తేనెటీగ బయటికి రాదు, పుప్పొడి కడుగుకొని పోవును. వాన వెనుదీసి ఎండ కాచినచో పిందె రాలును, నిలిచిన గింజ నలుసుగా మిగులును.

ఈ యెండదెబ్బ వెంటనే కనుపడక పోవుటయు కలదు. ఏలూరు చేరువ పెదవేగియందు 1995లో స్థాపింపబడిన ఆయిలుపామ్ పరిశోధనాలయమును మీలో పెక్కురు చూచియుందురు. ఆయిలుపామ్ చెట్టునకు నీరు చాలనియెడల అప్పుడు లోలోపల రూపొందుచున్న పూగుత్తులు పెక్కు మగవియగును. దాని ఫలితము దాదాపు రెండేండ్లకు గెలలు తగ్గుటచే తెలియును. కొబ్బరియందు గెల అంకురించినది మొదలు కాయ ముదురువఱకు దాదాపు 44 నెలలు పట్టును. అనగా నేడు మీరు విత్తనమునకు దింపిన కాయ మూడున్నర యేండ్ల క్రిందటి ఎండను సహితము మోసికొని వచ్చినదన్నమాట.

గాలివానల సంగతి మీకు క్రొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను గొట్టిన తుఫానున కొబ్బరిచెట్లు అసంఖ్యాకముగా కూలినవి. అట్టి సమయమున అందఱకును ఒక్కమాఱే విత్తనపుకాయలు కావలసివచ్చును. అప్పుడు మంచిచెడ్డలు చూచువారుండరు. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల దగ్గఱ తీరము దాటిన తుఫాను వానకు మన పల్లపు వరి తడిసి మొలకెత్తుట మీరు చూచితిరి. టేకుకాయ ముదురు మాసములును అవియే. తడిసిన కాయను అట్లే మూట గట్టినచో బూజు పట్టును.

వెదురు సంగతి వేఱు. సాధనపు వెదురు ముప్పది నలువది యేండ్లకొకమాఱు మూకుమ్మడిగా పూచి, గింజ రాల్చి చచ్చును. పూచిన పొదను ఎట్లును చచ్చునది గదా యని గింజ రాలక మునుపే నరికినచో, తిరిగి ఒక తరమువఱకు రాని విత్తనమును చేజేత పోగొట్టుకొన్నవారమగుదుము.

5. ఏ విత్తనము ఎంతకాలము నిలుచును

అన్ని విత్తనములును ఒక్క తీరున నిలువయుండవు. టేకుకాయ ఒక యేడు నిలువయున్నను చెడదు. పైపెచ్చు అప్పటికప్పుడు వేసినదానికంటె బాగుగా మొలచుట కలదు. వేపగింజ అట్లు కాదు. పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి నీడన ఆరబెట్టి కొలది వారములలో నాటవలెను. గుజ్జుతోనే గుట్టగా పోసినచో వేడెక్కి చచ్చును. ఇప్పగింజ అంతకంటె తొందరది. రాలిన దినములలోనే నేల జేరవలెను. సరుగుడు కాయను పగులకమునుపే కోసి గుడ్డమీద ఎండబోసినచో రెండు మూడు దినములలో గింజ వెలువడును. నారుమడియందు దానిని చీమలు మోసికొనిపోకుండ కాపాడవలెను. వానలు ముందు వెనుకలైన యేట వేప, ఇప్పల విషయమున మిగుల జాగరూకత వలయును. ఏలయన గింజ పండిన దినమును, నేల తడిసిన దినమును కలియకపోవచ్చును. అట్టి యేట తొట్లలోగాని సంచులలోగాని నీరు పోసి నారు పెంచుకొనుటయే దారి.

6. రైతు చేయదగిన పనులు

మొదట చెట్టును చూడుడు, పిమ్మట కాయను చూడుడు. బోదె నిటారుగా నుండవలెను; మెలిక, తొఱ్ఱ, పురుగు ఉండరాదు; చీలిక చాల ఎత్తున నుండవలెను. అట్టి చెట్టునకు సున్నముతో పట్టీ గీసి గుఱుతు పెట్టుడు.

ఒక్క చెట్టునుండి తీయకుడు. ఒకదాని కొకటి ఎడముగా నున్న పాతిక ముప్పది చెట్లనుండి కొంచెము కొంచెముగా తీసి కలుపవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక రైతునకు ఇది సాధ్యము కాకున్నను, ఊరివారు పదిమంది కలిసినచో సాధ్యమే. చేని నడుమ నొంటరిగా నున్న చెట్టు కాయను తీయకుడు.

పండిన కాయనే తీయుడు. ముందుగా రాలునది తఱచుగా పుచ్చు లేక బోలు. దానిని ఊడ్చివేసి, పిదప గోనె పఱచి రాలినదానిని ప్రోగుచేయుడు. కొమ్మలు నరికి కాయ కోయుట మానుడు. మరుసటి యేటి పూత ఆ కొమ్మలమీదనే రావలెను.

కొనుటకు ముందు పరీక్షింపుడు. వంద టేకుకాయలను లెక్కించి, అడకత్తెరతో గాని పదునైన కత్తితో గాని రెండుగా కోసి చూడుడు. తెల్లని గట్టి పప్పున్నవి యెన్ని, బోలువి యెన్ని యని లెక్కింపుడు. సగమునకు మించి బోలుగా నున్న సరకును ఎంత చవుకయైనను కొనకుడు.

టేకుకాయను రాత్రి నీట నానవేసి పగలు ఎండబోయుచు, ఇట్లు పది పండ్రెండు దినములు చేసి మడిలో వేయుడు. మొలకలు కొన్ని రెండు వారములలో, కొన్ని నెలల తరువాత వచ్చును. తొందరపడి మడిని దున్నివేయకుడు. 1840ల దశకమున మలబారు కలెక్టరుగా నున్న కానోలీ దొర నిలంబూరున టేకు వేయించినప్పుడు గింజ మొలవక మొదట మిగుల చిక్కుపడెను. తుదకు చాత్తు మేనోను అను ఉద్యోగి పూనికచే లక్షలకొలది మొక్కలు అచ్చట తోపులైనవి. ఓర్పే ఈ పనికి మొదటి పనిముట్టు.

7. ఒక ఆక్షేపణ

‘మంచి చెట్టుకే మంచి ధర వచ్చును, దానిని విత్తనమునకు నిలిపినచో మా అప్పు ఎవరు తీర్తురు?’ అని మీరడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్నయే. చెట్లన్నియు నిలుపుడని నేను చెప్పను. తోపు అమ్మునప్పుడు మేలైనవానిలో కొన్నిటిని, ఒకదాని పుప్పొడి మఱియొకదానికి అందునట్లుగా, బేరమునుండి మినహాయించి వ్రాయించుకొనుడు. మిగిలినవానిని అమ్ముకొనుడు. నిలిపిన చెట్టు ఏటేట లావెక్కుచునే యుండును గనుక దాని ధర ఎక్కడికిని పోదు. విత్తనము అదనపు రాబడి. పట్టాభూమియందైనను 2002 సంవత్సరపు నేల, నీరు, చెట్ల చట్టము ననుసరించి, అనుమతి కావలసిన చెట్టును అనుమతి పొందియే నరుకవలెను. పాపికొండల యడవి 2008లో జాతీయవనమైనది. అందుండి కాయయైనను ఆకైనను తేరాదు. పోలవరము జలాశయపు ముంపున కొంత యడవి పోవుచున్నది గనుక, మన గట్లమీదను తోపులలోను మిగిలిన మేలిజాతి చెట్ల విలువ మునుపటికంటె హెచ్చినది.

సోదరులారా, వానను మనము ఆపలేము, ఎండను తగ్గింపలేము. కాని ఏ చెట్టును కొట్టవలెను, ఏ చెట్టును నిలుపవలెను అనునది మన చేతిలోని పని. ఋతువులు నిలుకడ తప్పిన కాలమున పలుజాతుల పలుచెట్ల సంతానమున్న తోపే కొంతయైనను నిలువగలదు. ఈ యేడు కాయ ముదురునప్పటికి మీ మీ గ్రామములలో కనీసము పది మంచి చెట్లకు సున్నపు పట్టీలు పడవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.