బొమ్మ గీసిన చేయి ఇచ్చు చేయి కావలెను
(ఇబ్రహీంపట్నము సంఘ కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



ఒక చిత్రకళా ప్రదర్శన జరిపి, వచ్చిన సొమ్మును ఆదరణ లేని పిల్లల కొరకు వినియోగింపవలెనని మనము కొంతకాలముగా అనుకొనుచున్నాము. ఆ పిల్లలు బొమ్మలు గీయుటకు, మట్టితో ఆటవస్తువులు చేయుటకు, ఆ పని ద్వారా వారి మనస్సులోని భారము కొంతైనను తగ్గుటకు ఏర్పాటు చేయవలెనన్నది మన ఆశ. తలంపు మంచిదే. అయితే మంచి తలంపుతో మొదలైన పనులన్నియు మేలుతోనే ముగియవు. కనుక మొదలుపెట్టక ముందే ఆలోచించుకొనవలసిన కొన్ని సంగతులను మీ ముందుంచుచున్నాము.

ముందుగా, మన పెద్దలు కొందరు అడిగిన ప్రశ్న. "బొమ్మలు గీస్తే కడుపు నిండునా? ఆ సొమ్ముతో బియ్యము, బట్టలు కొని ఇచ్చిన మంచిది కాదా?" అని వారు అడిగిరి. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి జవాబు చెప్పుటకు నూరు సంవత్సరములకు పైబడిన ఒక సంగతి చెప్పవలసియున్నది.

మొదటి ప్రపంచ యుద్ధము 1918లో ముగిసినది. ఓడిపోయిన ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో పిల్లలు ఆకలితో చిక్కి శల్యమగుచుండిరి. అప్పుడు ఇంగ్లండులో ఎగ్లంటైన్ జెబ్ అను స్త్రీయు, ఆమె చెల్లెలు డొరొతీ బక్స్‌టనును కలిసి 1919లో సేవ్ ది చిల్డ్రన్ నిధిని స్థాపించిరి. శత్రువుల పిల్లలకు మనమెందుకు అన్నము పెట్టవలెనని ఆ దేశములో అనేకులు అనుకొనుచున్న రోజులవి.

ఆ వియన్నాలోనే ఫ్రాంజ్ చిజెక్ అను చిత్రకళోపాధ్యాయుడు 1897 నుండి పిల్లల కొరకు ఒక తరగతి నడుపుచుండెను. ఆ కాలమున చిత్రలేఖనమనగా పెద్దలు వేసిన గీతను చూచి ఉన్నదున్నట్లు దించుటయే. ఆయన ఆ పద్ధతిని విడిచి, పిల్లవానికి ఏది తోచిన అది గీయనిచ్చెను. సహాయ కార్యక్రమములలో పనిచేయుటకు వియన్నాకు వెళ్లిన ఫ్రాన్సెస్కా విల్సన్ అను ఇంగ్లండు స్త్రీ ఆ చిత్రములను చూచెను. ఆమె పూనికతో 1920లో లండనులో వాటి ప్రదర్శన జరిగినది. తరువాత అది ఆ దేశములోని ఇతర పట్టణములకును వెళ్లినది. వచ్చిన ఆదాయము సేవ్ ది చిల్డ్రన్ నిధికి చెందినది.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటున్నది. ఆ చిత్రములు ఆకలిని చూపి జాలి పుట్టించుటకు గీయించినవి కావు. వాటిలో పండుగలు, ఋతువులు, పిల్లల కంటికి కనబడిన లోకము ఉండెను. చూడవచ్చినవారు వాటి అందము చూచి ఆశ్చర్యపడి డబ్బిచ్చిరి. కడుపు నింపినది ఆ సొమ్మే. అయితే దానిని తెచ్చినది పిల్లల చేతి పని. అరణ్యములో ఐదు రొట్టెలు, రెండు చేపలు తెచ్చిన చిన్నవాని సంగతి మనకందరికి తెలిసినదే. ఆకలిగొన్న ఆ జనసమూహములో వాడును ఒకడు. అయినను మనము వానిని తలంచుకొనునప్పుడు పుచ్చుకొన్నవానిగా తలంచుకొనము, ఇచ్చినవానిగానే తలంచుకొందుము. మన ప్రదర్శనలో కూడ బిడ్డకు ఆ స్థానమే దొరకవలెను. ఈ సాయంకాలము మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే.

చిజెక్ వద్ద నేర్చుకొన్నవారిలో ఫ్రీడల్ డిక్కర్ అను యువతి ఉండెను. ఆమె యూదురాలు. 1942 డిసెంబరులో నాజీలు ఆమెను, ఆమె భర్తను టెరెజీన్ అను నిర్బంధ పట్టణమునకు పంపిరి. తీసికొనిపోవుటకు అనుమతించిన కొద్దిపాటి సామానులో ఆమె చిత్రలేఖన సామగ్రి పెట్టుకొనెను. అక్కడ తల్లిదండ్రులకు దూరముగా ఉంచబడిన పిల్లలకు దొరికిన ప్రతి కాగితపు ముక్కపై బొమ్మలు వేయుట నేర్పెను. ప్రతి చిత్రముపై వేసినవారి పేరు వ్రాయవలెనని ఆమె చెప్పెడిది. అక్కడ మనుష్యులను లెక్కించినది పేర్లతో కాదు, అంకెలతో. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జుకు తీసికొనిపోయి చంపిరి. ఆమె రెండు పెట్టెలలో దాచిన సుమారు 4,500 చిత్రములు మిగిలినవి. నేడు అవి ప్రాగు నగరములోని యూదుల మ్యూజియములో ఉన్నవి. వాటిని గీసిన పిల్లలలో ఎక్కువమంది బ్రతుకలేదు. వారి పేర్లు మాత్రము వారి చేతివ్రాతతోనే నిలిచినవి.

ఫ్రీడల్ శిష్యురాలు ఈడిత్ క్రేమర్ 1938లో అమెరికాకు వెళ్లెను. 1950 నుండి న్యూయార్కు రాష్ట్రములోని విల్ట్‌విక్ పాఠశాలలో, పేదరికము వలనను మనఃక్షోభ వలనను దారి తప్పిన బాలురతో చిత్రకళ ద్వారా పనిచేసి, ఆ అనుభవమును 1958లో పుస్తకముగా ప్రచురించెను. ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు క్షయవ్యాధితో శానిటోరియములో ఉండగా బొమ్మలు వేసికొని ఊరట పొంది, తోటి రోగులకు కూడ నేర్పెను. 1942లో చిత్రకళా చికిత్స అను అర్థమిచ్చు పేరును మొదట వాడినవాడు ఆయనయే. ఈ విధముగా నేడు ఆసుపత్రులలోను, బాలల గృహములలోను కనబడు ఈ పద్ధతి యుద్ధము, వ్యాధి, అనాథస్థితి చూచినవారి చేతులలోనే పెరిగినది.

ఇది ఎట్లు పనిచేయును? భయము, అవమానము, ఎడబాటు చూచిన బిడ్డకు వాటిని చెప్పుటకు మాటలు దొరకవు. దొరకినను చెప్పిన దెబ్బలు పడునేమోనని వెరపు. కాగితము వానిని ప్రశ్నలడుగదు. చేయి కదలుచుండగా మనస్సు కుదుటపడును. ఎవరును వాని మాట వినని లోకములో, ఎర్రరంగు వేయవలెనా, నీలిరంగు వేయవలెనా అను నిర్ణయమైనను వానిదే అగును. లోపలనున్న భయము కాగితము మీదికి వచ్చినప్పుడు దానిని కొంచెము ఎడముగా నిలిచి చూడగలడు. ఇష్టమైతే చెరిపివేయగలడు, మార్చగలడు, మడిచి దాచుకొనగలడు.

అయితే ఒక హెచ్చరిక. నల్లరంగు వేసినంతమాత్రాన బిడ్డకు దుఃఖమున్నదని చెప్పరాదు. ఆ దినమున డబ్బాలో నల్ల క్రేయానే మిగిలియుండవచ్చును. బొమ్మ చూచి బిడ్డ మనస్సు చదివితిమనుకొనుట మనవంటివారు చేయవలసిన పని కాదు. "ఇదేమిటి?" అని నిలదీయక, "దీనిని గురించి చెప్పెదవా?" అని అడిగి, చెప్పకుంటే ఊరకుండవలెను. చికిత్స చేయుటకు దానికి తగిన శిక్షణ పొందినవారు కావలెను. మనము చేయగలిగినది స్థలము, రంగులు, ఓపిక గల తోడు. ఏ బిడ్డయైనను తనకు జరుగుచున్న హింసను తెలియజేసినయెడల, దానిని మనలో దాచుకొనరాదు. 1098 అను బాలల సహాయ నంబరున్నది. లైంగిక నేరమైతే 2012 పోక్సో చట్టము ప్రకారము తెలిసినవారు పోలీసులకు తెలియజేయుట విధి.

ఇక మన ప్రాంతపు సంగతి. హైదరాబాదు చుట్టుప్రక్కల ఇటుక బట్టీలకు ఒడిశా మొదలగు చోట్ల నుండి కుటుంబములు వలస వచ్చును. పిల్లలకు ఇక్కడి భాష రాదు, ఒక బడి స్థిరముగా ఉండదు. అట్టి బిడ్డకు తెలుగు అక్షరము కంటె ముందు రంగు అర్థమగును. 1991లో మన రంగారెడ్డి జిల్లాలోనే మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను బాలకార్మికులను పని నుండి బడికి మరల్చు కృషి ప్రారంభించినది. దానిని నడిపించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. పనిలో పెరిగిన పిల్లలను ఒక్కసారిగా తరగతిలో కూర్చుండబెట్టక, కొన్ని నెలలు శిబిరములో ఉంచి బడికి సిద్ధపరచుట వారి పద్ధతులలో ఒకటి. పలుగు పట్టిన చేయి పలక పట్టుటకు నడుమ కొంత కాలము కావలెనని దానివలన మనకు తెలియుచున్నది. ఆ నడుమ కాలములో కుంచె మంచి స్నేహితుడు.

సామగ్రికి ఎక్కువ ఖర్చు పెట్టనవసరము లేదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలము నాటి మన పెద్ద చెరువు ఉన్నది. చెరువు మట్టికి కొదువ లేదు. వాకిట ముగ్గు వేయు తల్లులు ఈ సంఘములో ఎంతమంది లేరు? చేర్యాల నకాషీ కళాకారులు చింతగింజల జిగురు, సుద్దమట్టితో బట్టను సిద్ధపరచి కథలు చిత్రించెదరు. మన నేలలోనే ఇంత విద్య ఉండగా రంగుపెట్టె ఖరీదు చూచి వెనుదీయరాదు.

ఇప్పుడు ప్రదర్శనను గురించి మా ప్రతిపాదనలు మనవి చేయుచున్నాము.

మొదటిది, అమ్మకమునకు పెట్టు చిత్రములు పెద్దలవి కావలెను. మన యౌవనస్థులు, స్థానిక చిత్రకారులు, బడి ఉపాధ్యాయులు వేసినవి అమ్ముదము. పిల్లల మూల చిత్రములు అమ్మరాదు. అవి వారికే తిరిగి చేరవలెను. పిల్లలు ఇష్టపడి, వారి పెద్దలు ఒప్పుకొన్నయెడల వాటిని కార్డులుగా అచ్చువేసి అమ్మవచ్చును. 1949లో యునిసెఫ్ వేసిన మొదటి గ్రీటింగు కార్డు చెకొస్లొవేకియా దేశపు యిట్కా అను ఏడేండ్ల బాలిక చిత్రమే. యుద్ధానంతరము కాగితము దొరకక, తన గ్రామమునకు అందిన సహాయమునకు కృతజ్ఞతగా ఆమె దానిని గాజు పలకపై వేసెను. ఆ చిన్నది పుచ్చుకొన్న చేతితోనే తిరిగి ఇచ్చెను.

రెండవది, పేర్ల సంగతి. ఫ్రీడల్ పేరు వ్రాయమన్నది. మన దేశపు చట్టము పేరు బయటపెట్టవద్దనుచున్నది. 2015 బాలల న్యాయ చట్టము 74వ సెక్షను ప్రకారము సంరక్షణ అవసరమైన బిడ్డ పేరు, చిరునామా, బడి, ఫోటో పత్రికలు మొదలగు వాటిలో ప్రకటించుట నేరము. ఈ రెంటికిని విరోధము లేదు. బిడ్డ తన పేరును చిత్రము వెనుక స్వహస్తముతో వ్రాయును. గోడ మీద తానే ఎన్నుకొన్న మారుపేరు ఉండును. పేరు వానిది, దానిని మనము ఊరంతా చాటనవసరము లేదు.

మూడవది, చిత్రము క్రింద "తండ్రి త్రాగుబోతు", "తల్లి లేనిది" అను వ్రాతలు ఉండరాదు. వానికి జరిగినదంతయు వాని సొంత కథ. దానిని మన చందా పుస్తకమునకు అట్టగా వేయరాదు. బహుమతులు, మొదటి రెండవ స్థానములు కూడ వద్దు. గాయపడిన మనస్సును మార్కులతో కొలుచుట తగదు.

నాలుగవది, వచ్చిన సొమ్ము ఒక్కనాటి భోజనమునకు, వేదిక అలంకారమునకు ఖర్చు కారాదు. వారమునకు ఒక దినము, అదే గది, అదే గంట, అదే మనిషి. ఈ ఏర్పాటు కనీసము ఒక సంవత్సరము సాగునట్లు చూడవలెను. పలుమారు విడిచిపెట్టబడిన బిడ్డకు మనము కూడ నాలుగు వారములు కనబడి మాయమైనయెడల, మరియొక ఎడబాటును మన చేతులతోనే ఇచ్చినవారమగుదుము. అంతకాలము వచ్చువారు మనలో లేనియెడల ప్రదర్శనను వాయిదా వేయుటయే మేలు.

బియ్యము, బట్టలు అడిగిన పెద్దలకు మా తుది జవాబు ఇది. అవి ఇచ్చుట మానము, ఇచ్చెదము. అయితే అవి అందుకొనునప్పుడు బిడ్డ చేయి చాచవలెను. రంగుల ముందు కూర్చుండినప్పుడు ఆ చేయి ఒక వస్తువును చేయును, ఒకరికి చూపును, ఇష్టమైతే ఇచ్చును. రెండును వానికి కావలెను.

పై నాలుగు ప్రతిపాదనలపై సంఘస్థులు తమ అభిప్రాయములు తెలుపవలెనని, ఏడాది పొడుగున వారమునకొక గంట ఇవ్వగలవారు తమ పేర్లు సంఘ కార్యదర్శిగారికి అందజేయవలెనని కోరుచున్నాము.