ఒక్కో పురుగుకు ఒక్కో చెట్టు

మోత్కూర్ ఊళ్ళో పాత బియ్యం చేటలో పోస్తే ముక్కు పురుగు కనబడొచ్చు. ముందుకు పొడుచుకొచ్చిన ఆ ముక్కు కొసనే దాని దవడలు. ఆడపురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్లపురుగు లోపలే తిని, లోపలే పెరుగుతుంది.

ప్రపంచంలో ముక్కు పురుగులు 60 వేల రకాలకు పైనే. మామిడి టెంకలో ఒకటి, గెనుసుగడ్డలో ఒకటి, పత్తి కాండంలో మరొకటి. అన్నీ చేటు చేసేవే అనుకోకండి. చెరువులను కమ్మేసే గుర్రపు డెక్కను తినే రకాన్ని 1980లలో పనిగట్టుకొని మన దేశానికి తెప్పించారు.

నా దిగులంతా తాటి, ఈత చెట్లను తొలిచే ఎర్ర ముక్కు పురుగు గురించే. కల్లు గీసే గౌడన్నల బతుకు ఆ చెట్ల మీదే కదా! చెట్టుకు గాయమైన చోట అది గుడ్లు పెడుతుంది. మానుకు చెవి ఆనిస్తే లోపల పిల్లపురుగులు కొరికే చప్పుడు వినబడుతుంది. అప్పటికే చాలావరకు తినేసి ఉంటాయి. అందుకే గాయానికి వెంటనే తారు పూయండి. మళ్ళీ చెబుతున్నా, గాయం కనబడగానే తారు పూయండి.

ఇక జొన్నలు, మక్కలు నిల్వ చేసేవాళ్ళు ముక్కు పురుగు పట్టకుండా పంటి కింద కటుక్కుమనేదాకా ఎండబెట్టి, అప్పుడే బస్తాలకెత్తండి.