బొగ్గు పొరల్లో పుప్పొడి

 

మనలో చాలామంది ఇళ్లలో అప్పుడు బొగ్గు పొయ్యిలే కదా. ఒకరోజు మా బొగ్గులో మండని పలకరాయి ఒకటి వచ్చింది. అమ్మ విసిరేస్తే నేను పగలగొట్టాను. లోపల నాలుకలాంటి ఆకు అచ్చు! సైన్సు సారుకు చూపిస్తే, "ఇది గ్లోసోప్టెరిస్ రా, దాచుకో" అన్నారు. నేను దాచుకోలేదు.

ఆకు కంటికి కనబడుతుంది, పుప్పొడి కనబడదు. చాలా రేణువులు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండవు. కానీ పైపొర మహా గట్టిది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో రాయి కరిగిపోయినా అది మిగులుతుంది. దాన్ని కడిగి మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెడతారు. లక్నోలో బీర్బల్ సాహ్ని 1946లో నెలకొల్పిన సంస్థవాళ్లు మన గోదావరి లోయ పుప్పొడిని ఏళ్లతరబడి చదివారు. అట్టడుగు తాల్చేరు రాళ్లలో చుట్టూ ఒకే గాలిసంచి ఉన్న రేణువులు ఎక్కువ. అవి మంచు కరిగిపోతున్న కాలపు చెట్లవి. పైన బరాకరు బొగ్గులో రెండు సంచులవి, ఇంకా పైకి వస్తే రెండు సంచులతోపాటు ఒంటి మీద చారలున్నవి. ఈ చారలవి ఎక్కువగా గ్లోసోప్టెరిస్ చెట్లవే.

పుప్పొడి వరస చెబుతుంది, ఏళ్లు చెప్పదు. ఏళ్లు చెప్పేవి అగ్నిపర్వత బూడిదలోని జిర్కాన్ స్ఫటికాలు. అలాంటి బూడిద పొరలు ఆస్ట్రేలియా బొగ్గు గనుల్లో ఉన్నాయి. అప్పట్లో ఆస్ట్రేలియా, మనం ఒకే నేల, గోండ్వానా. ఆ పేరు మన గోండులదే. ఆదిలాబాద్ పిల్లలకు ఈ మాట ఎవరైనా చెబుతున్నారో లేదో! అలా లెక్క కడితే మన బొగ్గు పెర్మియన్ కాలానిది, 25 నుంచి 30 కోట్ల ఏళ్ల మధ్యది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫాల్టుకు అటొకటి, ఇటొకటి బోర్లు వేశాం. రెండింట్లో తగిలింది ఒకే సీము అని నేను గట్టిగా వాదించాను. ఇసుకరాయి చూడబోతే ఒకేలా ఉంది మరి. మా జియాలజిస్టు నవ్వి నమూనాలు ల్యాబ్‌కు పంపారు. ఒకదాంట్లో చారల రేణువులే నిండా ఉన్నాయి, రెండోదాంట్లో అరుదు. నా సీము తప్పింది. ప్లాను మళ్లీ గీశాం.

ఇంత తెలిసీ, కొన్నేళ్లకు షెడ్డు ఖాళీ చేయాలన్నప్పుడు పాత బోర్ల రాతికడ్డీలు పారేయమని కాగితం మీద సంతకం పెట్టింది నేనే. డోజరుతో నెట్టేశారు. మళ్లీ అక్కడ బోరు వేయలేం, గని తవ్వేసింది. గనుల్లో ఉన్న మన తమ్ముళ్లూ, అలాంటి కాగితం మీ బల్ల మీదికి వస్తే నాకొక ఫోన్ కొట్టండి.

నాలుగు రాతిముక్కలు, ఆరు స్లైడులు తెచ్చాను. మన ల్యాబ్ మైక్రోస్కోపు అద్దం తుడిపించాను. భోజనాల తర్వాత రండి. పదో తరగతి పిల్లలను ముందు చూడనివ్వండి.