గోల్ఫు ఆటలో నా తోడివారు



మన ఉత్తరాంధ్ర పల్లెలలో ఆటలకు లోటు లేదు. చెడుగుడు, కుస్తీ, కఱ్ఱసాము, బిళ్ళంగోడు - వీనిలో ఏదియు బాల్యమున ఆడనివారు మీలో అరుదుగా ఉందురు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి దేహబలము మన తాతల నోట కథయై నిలిచినది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మన ఆమదాలవలస ప్రాంతపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి బరువులెత్తి కంచుపతకమును గెలిచి, ఒలింపిక్సు పతకమందిన మొదటి భారతస్త్రీ యైనది. ఇట్టి బలశాలుల నేలనుండి వచ్చిన నేను నేడు చెప్పబోవునది గోల్ఫు అను ఆటను గూర్చి. అది దొరలు తెచ్చిన ఆట కదా, కలవారి కాలక్షేపము కదా, దానితో మాకేమి పని యని మీలో కొంద ఱనుకొనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కొంచెము సేపు ఓపికతో వినుడు. తుదకు మీరే తీర్పు చెప్పుదురు గాక.

గోల్ఫును మన బిళ్ళంగోడునకు దూరపు చుట్టమని తలచినచో సులభముగా తెలియును. బిళ్ళంగోడులో చిన్నపుల్లను కఱ్ఱతో ఎగురగొట్టి, అది పడిన దూరమును కొలుతుము. ఇందులో పుల్లకు మాఱుగా చిన్న నిమ్మకాయంత బంతి. దాని తూకము 46 గ్రాములకు మించదు. కఱ్ఱలు పలువిధములు. దూరము పంపుట కొకటి, ఎత్తుగా లేపుట కొకటి, ఇసుకలోనుండి తీయుట కొకటి, నేలమీద మెల్లగా దొర్లించుట కొకటి. మొత్తముమీద 14 కఱ్ఱలకు మించి వెంట ఉంచుకొనరాదు. మైదానమున 18 గుంటలుండును. ఒక్కొక్క గుంట వెడల్పు 4¼ అంగుళములు మాత్రమే. మొదటి దెబ్బ కొట్టు తావునుండి గుంట ఒకచోట 150 గజముల దూరమున నుండును, వేఱొకచోట 500 గజముల దూరమున నుండును. అన్ని గుంటలలోను తక్కువ దెబ్బలతో బంతిని పడవేసినవాడే గెలిచినవాడు. చెప్పుటకు ఇంతే. ఆడునప్పుడు మాత్రము నాలుగు గంటలసేపు ఆఱేడు కిలోమీటరులు నడువవలసి వచ్చును.

ఈ ఆట పుట్టినిల్లు స్కాట్లండు. అక్కడి సముద్రతీరమున నాగలికి పనికిరాని ఇసుకమిట్టలపై, గొఱ్ఱెలు మేసిన పచ్చికలో ఇది పెరిగినది. 1744 లో ఎడింబరో చెంతనున్న లీతులో ఆటగాండ్రు 13 నియమములు వ్రాసికొనిరి. 1764 లో సెయింటాండ్రూసు మైదానమున గుంటల ఎఱ్ఱికము 18 గా కుదిరి, తరువాత అదియే లోకమంతట వాడుక యైనది. మన దేశమున కలకత్తాలో 1829 లోనే గోల్ఫు క్లబ్బు వెలసినది. బ్రిటిషు ద్వీపముల వెలుపల అంతటి పాతది మఱి లేదు. మనకు దాపుననున్న విశాఖపట్టణపు ఈస్టుపాయింటు గోల్ఫు క్లబ్బు తన వయస్సును 1884 నుండి లెక్కించుకొనును.

బంతి కథయు వినదగినదే. పూర్వము తోలుసంచిలో ఈకలు కూరి బంతి చేసెడివారు. 1848 ప్రాంతమున మలయా అడవులలోని ఒక చెట్టు పాలనుండి వచ్చు గట్టి జిగురుతో బంతులు పోయసాగిరి. క్రొత్త బంతి నున్నగా నుండి, కొట్టగానే త్వరలో నేలకు దిగెడిది. పలుమాఱులు దెబ్బలు తిని గీతలు పడిన పాతబంతి నిలుకడగా దూరము పోయెడిది. ఆ మర్మము గ్రహించి పనివారు క్రొత్తబంతులమీదనే గంట్లు పెట్టుట నేర్చిరి. నేటి బంతిపై కనబడు సన్నని పల్లములకు మూలమదియే. పల్లములున్న బంతిని గాలి అంటిపెట్టుకొని పోవును. వెనుకకు లాగెడి ఒరపిడి తగ్గును.

ఇక నావంటి వానిని ఔత్సాహికుడందురు. అనగా ఆటవలన డబ్బు పుచ్చుకొనక, ప్రీతికొఱకు ఆడువాడు. ఔత్సాహికుడనగా చేతకానివాడని తలపరాదు. 1965 లో మన దేశపు ఓపెను పోటీలో వృత్తిగాండ్రను మించి గెలిచిన పి. జి. సేఠీ ఔత్సాహికుడే. 1982 లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో లక్ష్మణసింగు ఔత్సాహికుడుగానే స్వర్ణపతకము నందెను. నా ఆట వారి ఆటకు ఏ విధమునను సాటిరాదు. నేను విజయనగరమువాడను. ఉద్యోగమువలన పలు పట్టణములు తిరిగి, ఒకచోట తోటి ఉద్యోగి ప్రోత్సాహముతో నలువదియవయేట ఈ కఱ్ఱ పట్టితిని. నేడు చెప్పదలచినది నా విజయములను గూర్చి గాదు. అవి ఒక చేతి వ్రేళ్ళకు చాలును. నాతో నడచిన వారిని గూర్చి చెప్పెదను. ఇట్టివి ఏ మైదానమునందైనను జరుగునవే కనుక, ఊరి పేరు గాని మనుష్యుల పేరులు గాని ఎత్తను.

మేము నలుగురము జట్టు. డెబ్బదియేండ్లు దాటిన వైద్యుడొకరు, ఓడరేవులో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారొకరు, బ్యాంకులో పనిచేయు పడుచుపిల్ల ఒకతె, నేను. ఆ పిల్ల వైద్యునిగారిని తాతగారని, నన్ను బాబాయిగారని పిలుచును. వయస్సులో, బలములో, నేర్పులో ఇంత తేడాగల వారు ఒకే పోటీలో దిగుట మఱియే ఆటలోనైనను కష్టము. గోల్ఫులో దీనికొక చక్కని ఉపాయము కలదు. దానిని హేండికాపందురు. మంచి ఆటగాడు 72 దెబ్బలలో ముగింపవలసిన మైదానమును నేను సాధారణముగా 90 దెబ్బలలో ముగింతుననుకొనుడు. అప్పుడు నాకు 18 దెబ్బల మినహాయింపు దొరకును. నేను 89 కొట్టిన దినమున నా లెక్క 71 అగును. 72 కొట్టిన నేర్పరిని ఆనాడు ఓడింతును. మీలో సేద్యగాండ్రకు ఇది క్రొత్తగా తోచదు. గట్టి ఎద్దును, నీరసపు ఎద్దును ఒకే కాడికి కట్టవలసివచ్చినప్పుడు, కాడిమీది కట్టును గట్టి ఎద్దువైపునకు కొంచెము జరుపుదురు కదా! బరువు బలముగలదానిపై మొగ్గును, రెండును కలిసి సాలు తోలును. హేండికాపు నీతియు అదియే.

మా నలుగురికి అయిదవవాడు కలడు. కఱ్ఱలసంచి మోసి, బంతి జాడ కనిపెట్టి, ఆటగానికి సలహా చెప్పు మనిషిని కేడీ యందురు. మా కేడీ శ్రీకాకుళము జిల్లా తీరపు పల్లెవాడు. వరుసగా రెండేండ్లు పంట పోగా, భార్యాబిడ్డలతో పట్టణము చేరి ఈ పనిలో కుదిరెను. ఆయన పాఠశాలకు పోయినవాడు గాడు. అయినను మైదానమును ఆయన చదివినట్లు మాలో ఎవరును చదువలేకపోయితిమి.

గుంట చుట్టును పచ్చిక మిక్కిలి పొట్టిగా కత్తిరింతురు. చూచుటకు ఆ నేల బల్లపరుపుగా తోచును. అచ్చట బంతిని దొర్లించినప్పుడు అది తిన్నగా పోక ఏదో యొక ప్రక్కకు ఒఱగును. ఎటు ఒఱగునో ముందుగా తెలిసికొనుటయే కష్టము. నేను వంగి, కూర్చుండి, కన్ను మూసి తెఱచి చూచుచుండగా ఆయన వెనుకనుండి, "మడిలో నీరెటు పోతాదో బంతీ అటే పోతాది బాబూ. కన్ను మోసం సేస్తాది, కాలికి తెలుస్తాది," అనెను. నాటినుండి నేను గుంటవద్దకు నడచుచు పాదములతో వాలు తెలిసికొనుట నేర్చితిని. మఱొక సంగతి. వేడిదేశములలో గోల్ఫు మైదానములందు పెంచు పచ్చిక చాలచోట్ల మన గరికజాతిదే. వినాయకచవితినాడు పూజ కుపయోగించు గరికయే దొరల ఆటకు ఆధార మగుట వింతయే కదా! గరిక ఒక దిక్కునకు వాలి పెరుగును. ఆ వాలునకు ఎదురుగా దొర్లిన బంతి మందగించును, వాలు వెంట దొర్లినది పరుగెత్తును. ఎటు వాలినదో ఆయన ఒక్క చూపున చెప్పెడివాడు. నీరు కట్టిన చేతికి, గడ్డి కోసిన చేతికి తెలిసిన విద్య అది. మనము విడిచివచ్చిన పల్లె, పట్టణపు మైదానమున మనకే గురువై నిలిచినది.

ఈ ఆటలో ప్రతి ఆటగాని ప్రక్క న్యాయాధిపతి యుండడు. ఎవని దెబ్బలు వాడే చెప్పును. తోడివాడు కాగితముమీద వ్రాయును. తుదకు ఇద్దఱును సంతకము చేయుదురు. ఒకనాటి పోటీలో వైద్యునిగారి లెక్క నేను వ్రాయుచుంటిని. పదునాఱవ గుంట నాటికి ఇరువురమును సమానముగా నుంటిమి. ఆయన బంతి మైదానపు అంచున ఎత్తుగడ్డిలో పడినది. ప్రక్కనున్న ఎండుపుల్లను ఆయన తీసి పాఱవేసెను. తరువాత బంతిని కొట్టి, ఆ గుంటను ముగించి, నావద్దకు వచ్చి, "ఆఱు వ్రాయుడు," అనెను. నేను లెక్కించినవి అయిదే. "పుల్ల తీసినప్పుడు బంతి నువ్వుగింజంత కదలినది. దానిని యథాస్థానమున పెట్టితిని. ఒక దెబ్బ తప్పుకట్టు," అని చెప్పెను. ఆ కదలికను నేను చూడలేదు, కేడీయు చూడలేదు. ఆ యొక్క దెబ్బతో ఆనాటి బహుమానము నాకు వచ్చినది. ఇంటికి తెచ్చిన ఆ గిన్నెను చూచినప్పుడెల్ల నాకు తోచునది ఆయన గెలుపే.

1925 లో అమెరికాలో బాబీజోన్సు అను మహా ఔత్సాహికుడు దేశపు గొప్పపోటీలో ఇట్లే, ఎవరును చూడని కదలికకు తనపై తానే ఒక దెబ్బ వేసికొనెను. లెక్క సరిసమానమై మఱల ఆడవలసివచ్చి, తుదకు ఓడిపోయెను. లోకులు మెచ్చుకొనగా, దొంగతనము చేయనందుకు ఒకని మెచ్చుకొందురా యని ఆయన అడిగెనట. పేరుగన్న జోన్సును లోకమంతయు చూచుచుండెను. మా వైద్యునిగారిని ఆనాడు ఒక ఎండుపుల్ల తప్ప చూచినవారు లేరు.

ఆ పోటీ ముగిసినపిమ్మట నలుగురము కూడి కేడీకి ఏమైన ఉపకారము చేయదలచితిమి. మోకాలి నొప్పితో ఆయన సంచి మోయుట మాకు కష్టముగా తోచుచుండెను. కొంత సొమ్ము పోగుచేసి ఇచ్చెదమని చెప్పగా ఆయన తల అడ్డముగా ఊపెను. "దానం ఒద్దు బాబూ. వానొచ్చి ఆట ఆగిపోయిన్నాడు కూడా కూలి ఇప్పించండి. వానని నాను పిలవలేదు గదా," అనెను. మేమొకరి ముఖ మొకరము చూచుకొంటిమి. నాలుగు గుంటలు ఆడునప్పటికి వాన కురిసినచో నాలుగు గుంటల కూలి ఇచ్చుట ఆటగాండ్రలో వాడుక. తెల్లవాఱుజామున లేచి, బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ దినము పోయినట్లే. నాటినుండి మా జట్టులో ఒక నియమము పెట్టుకొంటిమి: మొదటి బంతి కొట్టిన పిమ్మట, ఆట జరిగినను ఆగినను కూలి నిండుగా ఇయ్యవలెను. సంచికి చక్రముల బండి ఒకటి కొంటిమి. ఆయన దానిని త్రోయును. సలహా మాత్రము పూర్వమువలెనే ఇచ్చును. చక్రములు వచ్చినవని ఆయనను మానిపించిన నాడు మా ఆటకు కన్ను పోయినట్లే.

సంచి మోసినవారిలో ఎంత శక్తి దాగియుండునో చరిత్రయే చెప్పుచున్నది. 1913 లో అమెరికా ఓపెను పోటీని గెలిచిన ఫ్రాన్సిసు వీమెటు బాల్యమున కేడీగా పనిచేసినవాడు; ఆనాడు ఆయన సంచి మోసిన పిల్లవానికి పదియేండ్లు. మన దేశపు ఓపెను పోటీని 1991 లో గెలిచిన ఆలీషేరు ఢిల్లీలో కేడీగా జీవితము నారంభించెను. అదే పోటీని 2016 లోను, 2017 లోను గెలిచిన చౌరాసియా కలకత్తా మైదానమున పచ్చిక పెంచు పనివాని కుమారుడు. వీరికి దొరికినవి పాతకఱ్ఱ యొకటి, ఆడుకొనుటకు అనుమతి, కొంచెము తీఱిక. ఇవి దొరకక మిగిలిపోయిన వారెందఱో!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఈ ఆటకు నూఱెకరములకు పైగా నేల కావలెను. వేసవిలో పచ్చికకు నీరు విస్తారముగా కావలెను. పంట పండు మాగాణిని తీసి ఆటకిచ్చుట నాకును సమ్మతము గాదు. నాగలికి లొంగని ఇసుకమిట్టలమీదనే ఈ ఆట పుట్టినదని మనవి చేసితిని. అట్టి నేలలే దానికి తగినవి. నీటి విషయమున, పలు పట్టణములలో మురుగునీటిని శుద్ధిచేసి పచ్చికకు వాడుచున్నారు. అంతటను అట్లే చేయుట ధర్మము. ఇక కలవారి ఆట యను మాట. అది చాలవఱకు నిజమే. అయితే ఆ కలవాడు ఎవరును చూడనిచోట తన తప్పును తానే లెక్కవేసికొనుట నేర్చినచో, తన సంచి మోసినవానికి వాననాటి కూలి ఎగగొట్టకుండుట నేర్చినచో, ఆ ఆటవలన లోకమునకు కొంత మేలు కలిగినదని నేను తలచెదను. నేర్వనిచో అది పచ్చికమీది నడక మాత్రమే.

మీ ఊళ్ళలోను ఊడ్పులనాడు, కోతలనాడు వాన వచ్చి పని సగములో ఆగుట కలదు. గట్టుమీద తడిసి నిలిచిన కూలివాని దినము ఎవరి ఖాతాలో వ్రాయవలెనో తీర్పు చెప్పువారు మీరే. మా కేడీ మాట మీ చెవిని వేయుటకే ఈ ఆట కథ చెప్పితిని.