సమాధానం సరిపోయింది, లెక్క తప్పింది
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఎంఆర్ఐలో నువ్వు చేసేదేంట్రా?" అని పొద్దుటినుంచి చాలామంది అడిగారు. నేను డాక్టరును కాను. స్కానర్ ఇచ్చే సంకేతాలకు లెక్క కట్టేవాణ్ణి.

ఎనిమిదో తరగతిలో సైన్సు మేడం గ్లాసు నీళ్లలో సిరాచుక్క వేసి చూపించారు, గుర్తుందా? ఎవరూ కలపకుండానే అది గ్లాసంతా పాకింది. నీటి అణువులు క్షణం కూడా ఊరుకోవు. అణువు జరిగే దూరానికి వర్గం కడితే, దాని సగటు కాలంతోపాటే పెరుగుతుందని 1905లో ఐన్‌స్టీన్ లెక్క తేల్చాడు. మన ఒంటి వేడిమి దగ్గర, అడ్డులేని నీటిలో, సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో అణువు ఒక దిశలో జరిగేది సుమారు 17 మైక్రాన్లు. మన కణాల సైజూ ఇంచుమించు అంతే. అందుకే మెదడులో నీటికి అడుగడుగునా గోడలు తగులుతాయి. నీరు ఎంత జరిగిందో కొలిస్తే, కంటికి కనబడని ఆ గోడల జాడ దొరుకుతుంది.

కొలిచే సూత్రం 1965లో స్టెజ్‌స్కల్, టానర్ ఇచ్చారు. నీరు ఎంత స్వేచ్ఛగా కదిలితే సంకేతం అంత తగ్గుతుంది. ఆసుపత్రుల్లో మామూలుగా వాడే అమరికలో, అడ్డులేని నీటి సంకేతం నూటికి 5 పాళ్లే మిగిలితే, ఆరోగ్యమైన మెదడులో దాదాపు 50 మిగులుతుంది. రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే అక్కడి కణాలు ఉబ్బుతాయి, నీటి కదలిక ఇంకా తగ్గుతుంది, ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. 1990లో పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టమైంది. తొలి గంటల్లో సీటీ స్కాన్‌లో తరచుగా ఏమీ కనబడదు, ఇందులో కనబడుతుంది.

ఇక నా పొరపాటు చెబుతాను. నరాల తంతువుల పొడవునా నీరు సులువుగా జరుగుతుంది, అడ్డంగా జరగలేదు. అందుకని ఒక్కో చోట ఆ కదలికను కోడిగుడ్డు ఆకారంతో సూచిస్తాం. పరిశోధనలో చేరిన కొత్తలో, ఒక రోగి స్కాన్‌లో ఒకచోట గుడ్డు పొడుగు బాగా తగ్గింది. గీత కొలతలన్నిటికీ చక్కగా సరిపోయింది. "ఇక్కడ తంతువులు దెబ్బతిన్నాయి" అని రాసేశాను. మా గైడు ఆరోగ్యవంతుల స్కాన్లు కూడా చూడమన్నారు. చూస్తే అందరికీ అక్కడ అంతే! రెండు తంతువుల కట్టలు అక్కడ ఒకదాన్నొకటి దాటుతున్నాయి. రెండు మిల్లీమీటర్ల ఘనంలో లక్షల తంతువులుంటే, నేను వాటన్నిటినీ ఒక్క గుడ్డులో కుదించాను. ఆ కాగితం గది దాటలేదు కాబట్టి సరిపోయింది. దాటి ఉంటే, బాగున్న మనిషికి లేని జబ్బు అంటగట్టినవాణ్ణయ్యేవాణ్ణి.

ఆ రోజు నాకు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. పదో తరగతిలో నా జవాబు కరెక్టే అయినా సున్నా వేశారు. నేను వాదించాను. "జవాబు కలిసొచ్చిందిరా, దారి తప్పు. రేపు అంకెలు మారిస్తే ఏం చేస్తావు?" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది.

ఇప్పుడు ఏ నమూనా సరిపోయినా, ఇదే కొలతకు ఇంకో కారణం ఉండొచ్చా అని అడిగాకే సంతకం పెడతాను. మాస్టారు ఇవాళ ముందువరసలో కూర్చున్నారు. మాస్టారూ, ఆ సున్నా ఇంకా నా దగ్గరే ఉంది.

సెలవు.