చేతికి స్మార్ట్ వాచీ

నల్లగొండ పానగల్లు చెరువు కట్ట మీదైనా, పాలమూరు పిల్లలమర్రి దారిలోనైనా పొద్దున నడిచేవాళ్ల చేతులకు స్మార్ట్ వాచీలు కనబడుతున్నాయి. కొత్తలో సంబురమే. జేబులో ఫోన్ మోగితే పేరు చేతి మీదే చూసుకోవచ్చు.

వాచీ అడుగున పచ్చ వెలుగు ఉంటుంది. రక్తం దాన్ని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ పీల్చుకోవడం మారుతుంది. దాన్నిబట్టే నాడి లెక్క. అది అంచనా మాత్రమే. పట్టీ వదులైతే తప్పుతుంది.

అడుగుల లెక్కా అంచనాయే! చేతి ఊపును బట్టి వాచీ లెక్క కడుతుంది. నెత్తిన గడ్డిమోపు రెండు చేతులా పట్టుకుని నడిస్తే తక్కువ చూపించవచ్చు. పాపం, అసలు కష్టం అదే కదా!

ఆ అంకెలు చూసి మందులు మార్చకండి. ఛాతీలో నొప్పి వస్తే, వాచీ ఏం చూపించినా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.